ఆ 52 శాతం లెక్క చెప్పిన మీకు

మా ఫైల్ షేరింగ్ యాప్‌లో ఏ ఫైల్ ఎంతవరకు డౌన్‌లోడ్ అయిందో ఇప్పుడు సరిగ్గా కనిపిస్తోంది. కళ్లు మండిపోతున్నాయి, అయినా ఇది రాశాకే పడుకుంటాను.

ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే నన్ను భరించారు, వాళ్లకి వేరే చెప్పాలా! నేను చెప్పుకోవాల్సింది మీ గురించి. మీ పేరు కూడా నాకు తెలియదు.

మొత్తం టొరెంట్ (కలిపి దించుకునే ఫైళ్ల మూట) ఎంత శాతం దిగిందో మేం వాడే కోడ్ లైబ్రరీయే ఇస్తుంది. ఫైల్ వారీగా అడిగితేనే చిక్కు. బిట్‌టొరెంట్ (ఫైళ్లని ముక్కలుగా పంచుకునే పద్ధతి) ఫైళ్లన్నిటినీ వరసగా ఒకే పొడవాటి డేటాగా చూసి, సమానమైన పీసులుగా కోస్తుంది. ఒక్కో పీసులో రెండు మూడు ఫైళ్లు ఇరుక్కుంటాయి. లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ఫైల్ వారీ లెక్క ఇచ్చే ఫంక్షన్‌కి ఒకే వాక్యం ఉంది, అదీ ఫంక్షన్ పేరునే అటూఇటూ తిప్పి రాసింది. పోనీ అడుగుదామంటే, కదలిక లేదంటూ నా ప్రశ్నని ఒక బాట్ మూసేసింది. మనిషి చూడకుండానే!

మూసేసిన ఆ ప్రశ్న కిందే మీరు జవాబు రాశారు. 100, 300, 112 కేబీల మూడు ఫైళ్లు, 256 కేబీ పీసు. మొదటి పీసు వస్తే మొదటి ఫైల్ పూర్తి, రెండోదానికి 156 కేబీ, అంటే 52 శాతం. మూడో ఫైల్ ఒక్కటే కావాలన్నా రెండో పీసు మొత్తం దించుకోవాల్సిందే, పక్క ఫైల్‌లోని 144 కేబీ కూడా వెంట వచ్చేస్తుంది. ప్రోగ్రెస్ బార్ వెనక్కి ఎందుకు పోతుందో కూడా చెప్పారు: పీసులోని 16 కేబీ బ్లాకులు వచ్చినవి వచ్చినట్టు కలుపుకుంటూ పోతే, హాష్ (డేటా సరిగ్గా వచ్చిందో లేదో తేల్చే గుర్తు) కుదరని పీసుని పారేసినప్పుడు లెక్క తగ్గుతుంది. సరిచూసిన పీసులనే లెక్కేస్తే తగ్గదు, కాకపోతే గెంతుతుంది. ఖాళీ ఫైల్ ఉంటే సున్నాతో భాగించాల్సి వస్తుంది జాగ్రత్త అని, అడక్కుండానే మళ్లీ వచ్చి చెప్పి వెళ్లారు.

బిట్‌టొరెంట్ వెర్షన్ 2లో ప్రతి ఫైలూ కొత్త పీసుతోనే మొదలవుతుంది కాబట్టి ఈ గొడవ లేదట. పాత టొరెంట్లని ఏం చేసుకోవాలి మరి?

అందరూ "ప్రోగ్రెస్ బారే కదా" అన్నారు. మీరొక్కరే "ఇది చిన్న పని కాదు" అని రాశారు. అది చదివి ఏడ్చేశాను, నిజంగానే.

అయ్యో, పాత ఫోన్‌లో టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు పంపినవాళ్లకీ థాంక్స్. పెద్ద టొరెంట్లలో సెకనుకోసారి అన్ని ఫైళ్లనీ అడగొద్దు, యాప్ ఆగిపోతోందని చెప్పినవారికి కూడా. ఇంకెవర్నైనా మర్చిపోతే తిట్టకండి, నిద్రలేచాక కలుపుతాను.