వాలుశాస్త్రికి ఒక పేకముక్క

ప్రియ మిత్రుడు వాలుశాస్త్రికి,

కవరు చించగానే ఒక పాత పేకముక్క జారి నీ ఒళ్ళో పడి ఉంటుంది. ఆటీన్ ఏడు. ఒక అంచు నలిగిపోయి, మైనపు మరకలతో మాసిపోయి ఉన్నదని దానిని చెత్తబుట్టలో పడవేయకు, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. నీ మూడు ఉత్తరాలకు జవాబు రాయని మాట నిజం. రోజుకొక ఊరు తిరుగుతూ, రాత్రి పొద్దుపోయే దాకా బిలియర్డ్స్ జాతి పూల్ ఆట బల్లల చుట్టూ ప్రదక్షిణలు చేసేవాడికి కలం పట్టే తీరిక దొరకలేదని రాస్తే నీవు నమ్మవు, నమ్మనవసరం కూడా లేదు. అది ఉత్త బద్ధకం, క్షమించు. ఇంటి దగ్గర అందరూ క్షేమం, నా మోకాలి నొప్పి తగ్గింది, ఉద్యోగం ఎప్పటిలాగే ఉన్నది. నేను ఎక్కవలసిన రైలు రెండు గంటలు ఆలస్యమని ఇప్పుడే చెప్పారు కనుక, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని, బంతిని కొట్టే క్యూ కర్ర సంచిని ఒడిలో పెట్టుకొని, దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది సంచి తప్పు. ఆ సంచి సంగతి చివర రాస్తాను.

మనం ఎన్నో ఏళ్లుగా కలిసి వెళ్దామనుకుని, ఏటా ఏదో ఒక సాకుతో వాయిదా వేసిన యాత్ర ఇదే: పన్నెండు రోజులు, ఐదు ఊళ్ళు, ఊరికొక మంచి పూల్ హాలు. మొదటి నాలుగు ఊళ్ళ గురించి వివరంగా రాయను. మొదటి ఊళ్ళో అన్నీ ఏడడుగుల బల్లలే కావడం వలన నేను మహా ఆటగాడిననే భ్రమ కలిగింది. రెండో ఊళ్ళో తొమ్మిదడుగుల బల్ల ముందు నిలబడగానే ఆ భ్రమ దిగిపోయింది. ఆడే మేర 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. బంతి పడవలసిన మూల పాకెట్ల నోరు నాలుగున్నర అంగుళాలు. బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు కనుక ఆ నోట్లో రెండు బంతులు సరిగ్గా పక్కపక్కన పడతాయని లెక్క వేసుకున్నాక, చేతికి మరింత వణుకు వచ్చింది. అమెరికా ఆటగాడు విల్లీ మాస్కోనీ 1954లో ఒక్కటీ తప్పకుండా వరుసగా 526 బంతులు వేసినది ఎనిమిదడుగుల బల్ల మీదనే కదా అంటూ నీవు బల్లల కొలతల మీద వాదించేవాడివి. జాన్ ష్మిట్ 2019లో 626 బంతులతో, జేసన్ షా 2022లో 714 బంతులతో ఆ లెక్కను దాటేసిన తరువాత ఆ వాదనకు నీవేమంటావో ఎదురుగా కూర్చుని వినాలని ఉన్నది. మూడో ఊళ్ళో పాకెట్లే లేని క్యారమ్ బిలియర్డ్స్ బల్ల చూశాను. మన క్యారమ్స్ పలక అనుకోకు, అది పదడుగుల బల్ల. గుడ్డలో తేమ చేరకుండా, బంతి జోరు తగ్గకుండా గుడ్డ అడుగున ఉండే రాయి కింద వేడి పెడతారు. అంచు మీద చెయ్యి ఆనిస్తే నులివెచ్చగా తగిలింది. నాలుగో ఊళ్ళో చైనా వాళ్ళ ఎయిట్‌బాల్ బల్ల ఉన్నది. చూడటానికి అది పూల్ బల్లే గాని పాకెట్ల అంచులు స్నూకర్ బల్లకున్నట్లు గుండ్రంగా ఉంటాయి కనుక బంతి వెంట్రుకవాసి పక్కగా తగిలినా ఉమ్మివేస్తుంది. ఆ బల్ల నన్ను ఎంతగా అవమానించిందో నీకు చెప్పదలచుకోలేదు.

నాలుగు హాళ్ళు తిరిగాక ఒక్క అభిప్రాయం మాత్రం గట్టిపడింది. గోడల మీది పటాలను, రంగు దీపాలను చూసి హాలును అంచనా వేయరాదు. క్యూ పొడవు 58 అంగుళాలు కనుక బల్ల చుట్టూ ఐదడుగుల ఖాళీ వదిలిన యజమాని ఆట తెలిసినవాడు. గోడ అడ్డం వస్తుందని మూలలో పొట్టి క్యూలు పెట్టినవాడు బల్లలను లెక్కపెట్టి కొన్నవాడు. బంతుల మీద చాక్ పొడి, అదే క్యూ కొనకు రుద్దే పొడి, పేరుకొని ఉంటే నేను క్యూ బయటకే తీయను. ఈ చాక్ విషయంలో కూడా నీకు ఒకటి చెప్పాలి: అందులో సుద్ద ఉండదు, ఇసుకరాయి జాతి సిలికా, గట్టి గరుకుపొడి కలిపి చేస్తారు, 1897లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. పలక మీది సుద్దముక్కతో క్యూ కొన రుద్దిన నీ చిన్ననాటి ప్రయోగం ఎందుకు విఫలమైందో ఇప్పుడైనా తెలిసింది కదా.

ఇక అసలు కథ. ఐదో ఊరికి తొమ్మిది గంటలు రైల్లో కూర్చుని వెళ్లాను. యాత్ర అంతటికీ ఆ హాలే శిఖరమని, దాని పాత బల్లల మీద ఒక్కసారి ఆడితే చాలునని ఎందరో చెప్పారు. తలుపు మూసి ఉన్నది. "బల్లల మరమ్మతు, రేపు రండి" అని చేత్తో రాసిన కాగితం అంటించి ఉన్నది. రేపు నాకు లేదు, తిరుగు టికెట్టు ఆ రాత్రికే. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాకు ఏడుపు వచ్చిందని రాస్తే నీవు పదేళ్ళు నవ్వుతావు కనుక కోపం వచ్చిందని రాస్తాను. లోపలి నుండి సుత్తి చప్పుడు వినిపించి తలుపు తట్టాను. ఇరవై అయిదేళ్ళ అమ్మాయి ఒకామె తలుపు తీసి, నా భుజాన ఉన్న సంచిని చూసి, "ఆడటం కుదరదండీ, చూస్తానంటే రండి, కాని దీపం పట్టుకోవాలి" అన్నది. నేను వెంటనే ఒప్పుకున్నాను. అరవై దాటిన మేస్త్రీ ఒకరు నేల మీద కూర్చుని కుషన్ల, అంటే బంతి తగిలి వెనక్కి వచ్చే బల్ల అంచుల, మరలు విప్పుతున్నారు. ఆమె ఆయన కూతురు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి బల్లలు సరిచేస్తారట.

మిత్రమా, మనం ఇన్నేళ్ళు ఆడాము గాని గుడ్డ ఒలిచిన బల్లను ఏనాడైనా చూశామా? కుషన్లు తీసి, పాత గుడ్డను పిన్ను పిన్నుగా ఊడదీసి పక్కకు లాగగానే, ఆకుపచ్చటి మైదానం కింద నుండి బూడిదరంగు పలకరాయి బయటపడింది. ఒకటే రాయి అనుకుంటాము, అవి మూడు రాళ్ళు. ఒక్కొక్కటి అంగుళం మందం, సుమారు 90 కిలోల బరువు. వాటి అతుకుల్లో తేనెమైనం పోసి, గీకి, రాతితో సమం చేస్తారు. పాత మైనం ఎండి పగిలి, గోటితో గీరితే పొడిగా రాలింది. మేస్త్రీ ఆ అతుకు మీద చూపుడువేలు ఆనించి, కళ్ళు మూసుకొని, ఈ చివరి నుండి ఆ చివరికి నెమ్మదిగా జరిపారు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. "ఇక్కడ దిగింది" అన్నారు. నేను దీపం దగ్గరగా పెట్టి చూశాను గాని నాకేమీ కనిపించలేదు. తరువాత రసమట్టం పెట్టారు. ఇల్లు కట్టే మేస్త్రీల రసమట్టం కాదది; యంత్రాలు బిగించేవాళ్ళు వాడే, ఊపిరి తగిలితే చలించేటంత సున్నితమైన పనిముట్టు. అందులోని బుడగ సరిగ్గా ఆయన చెప్పిన చోటుకు ఎదురువైపుకు జరిగింది, అంటే దిగినది ఆయన చెప్పిన చోటే.

ఎడమవైపు రాయిని మెల్లగా పైకెత్తి కింద చూస్తే, చట్రానికీ రాయికీ మధ్య మడతపెట్టిన పేకముక్క ఒకటి కనిపించింది. పూర్వం ఎవరో మట్టం సరిచేయడానికి ఆటీన్ ఏడును దూర్చారు. అది ఏళ్ళ తరబడి బరువు మోసి, నలిగి, పక్కకు జరిగిపోయింది, రాయి ఆ మేరకు దిగింది. ఎంత మేరకు అని అడిగాను. ఆమె పేకముక్కను విప్పి వేళ్ళ మధ్య పట్టుకుని, "ఈ మందం చాలండీ" అన్నది. పోటీల బల్లలకు వెడల్పు వైపు 0.254 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండరాదన్నది నియమం. ఒక్క పేకముక్క మందమే ఇంచుమించు అంత ఉంటుంది. రాయి దించి, మరలు బిగించక ముందు ఆమె ఒక బంతిని ఉత్త రాతి మీదనే నెమ్మదిగా దొర్లించింది. బంతి చాలా దూరం తిన్నగా వెళ్ళింది, వేగం చచ్చిపోయే చివరి అడుగులో మాత్రం, ఎవరో పిలిచినట్లు, వేలెడంత ఎడమకు తిరిగింది. "గట్టిగా కొట్టిన బంతికి వాలు తెలియదు బాబూ, మెల్లగా పోయే బంతికే తెలుస్తుంది" అన్నారు మేస్త్రీ.

అప్పుడు నా గుండె జారింది. ఎందుకో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

పదకొండేళ్ళ క్రితపు ఆ రాత్రి. తొమ్మిదో బంతి వేసినవాడే గెలిచే నైన్‌బాల్ ఆట, చివరి రాక్ (ఆఖరి దఫా), ఆ తొమ్మిదో బంతి ఒక్కటే మిగిలింది. నీవు దానిని కుడి మూలకు మెల్లగా పంపావు. పాకెట్ నోటి దాకా వెళ్ళిన బంతి ఎడమకు తిరిగి, చివరి కుషన్‌కు తగిలి, వెనక్కి వచ్చి ఆగింది. బల్ల వాలుగా ఉన్నదని నీవన్నావు. మేము నలుగురం పడీ పడీ నవ్వాము. ఆ నవ్వుకు ఉక్రోషం వచ్చి నీవు భూభ్రమణాన్ని కూడా సాక్ష్యానికి పిలిచావు, ఆ రాత్రి నుండే నీవు వాలుశాస్త్రివి అయ్యావు. ఒక్క మాట మాత్రం నీ పక్షాన చెప్పాలి: ఆ భూభ్రమణ ప్రభావానికి పేరు ఇచ్చిన కొరియోలిస్, 1835లో బిలియర్డ్ బంతుల గణితం మీద ఒక గ్రంథమే రాశాడు; కాబట్టి నీవు పిలిచిన సాక్షి ఆటకు మరీ పరాయివాడేమీ కాదు.

ఈ కథంతా నేను వాళ్ళిద్దరికీ చెప్పాను, నవ్విద్దామనే చెప్పాను. మేస్త్రీ నవ్వారు. ఆమె నవ్వలేదు. మైనం కరిగిస్తూనే, "తరువాత మీరు కొట్టిన బంతి ఏ వైపుకు వెళ్ళిందండీ?" అని అడిగింది.

పదకొండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. నేను ఎడమ మూలకు కొట్టాను. నీకు చెప్పని సంగతి ఏమిటంటే, బంతి నా క్యూ నుండి బయలుదేరిన క్షణంలోనే గురి తప్పిందని నాకు తెలుసు. తొమ్మిదో బంతిని తెల్లబంతితో మందంగా, అంటే తాకవలసిన దానికన్నా నిండుగా, తాకాను, అది పాకెట్‌కు కుడిగా, కుషన్ మీదకు పోతున్నది. మూతి బిగించి చూస్తూ నిలబడ్డాను. చివరి అడుగులో అది ఎడమకు ఒరిగి పాకెట్లో పడింది. నేను క్యూ పైకెత్తి "గురి అంటే ఇదీ" అని అరిచాను, మిగిలిన ముగ్గురూ నన్ను భుజాలకెత్తుకున్నారు, నీవు మారు మాట్లాడకుండా పందెం చెల్లించావు. ఇదంతా ఆమెకు చెప్పలేక, "ఎడమకే" అని మాత్రం అన్నాను. ఆమె మైనాన్ని అతుకులో సన్నటి ధారగా పోస్తూ, "అయితే ఆ బల్ల మీ ఇద్దరికీ ఒకే వైపుకు వాలింది. ఆయన బంతిని తప్పించింది, మీ బంతిని వేసింది" అన్నది, లెక్క అప్పజెప్పినట్లు.

ఆ తరువాత రెండు గంటలు నేను దీపం పట్టుకుని నిలబడ్డాను, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మైనాన్ని బ్లేడుతో గీకారు, కొత్త గుడ్డ పరిచారు. స్నూకర్ గుడ్డకున్నట్లు దీనికి నూగు ఉండదు, చెయ్యి వేస్తే జారిపోతుంది. తండ్రి లాగుతూ ఉంటే కూతురు అంచులను బిగించింది. లాగుడు సరిపోయిందో లేదో ఆయన వేలితో మీటి, ఆ మోత విని చెప్పారు. కుషన్లు బిగించిన తరువాత ఆయన నా వైపు తిరిగి, "ఇంత దూరం వచ్చారు, బోణీ మీరే చేయండి" అన్నారు. బ్రేక్, అంటే ఆట తెరిచే మొదటి దెబ్బ, కొట్టాను. కొత్త గుడ్డ మీద తెల్లబంతి మంచు మీద జారినట్లు జారిపోయి, పేర్చిన బంతులను తాకి, ఎగిరి నేల మీద పడింది. అది బయలుదేరిన చోట, ఆ మచ్చలేని గుడ్డ మీద, రాపిడికి కాలిన తెల్లటి చుక్క ఒకటి మిగిలింది. మేస్త్రీ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

మిగిలిన బంతులన్నీ తీసివేసి, తొమ్మిదో బంతిని ఆ రాత్రి ఉన్న చోట పెట్టాను. ఆ చోటు నాకు కంఠస్థం. ముందు నీ షాట్ ఆడాను, అదే మెల్లదనంతో, కుడి మూలకు. బంతి తిన్నగా వెళ్ళి, చప్పుడైనా లేకుండా, పాకెట్ మధ్యలో పడింది. తరువాత నా షాట్. ఎంత మందంగా తాకానో గుర్తున్నది కనుక అంతే మందంగా తాకాను. బంతి తిన్నగానే వెళ్ళి, పాకెట్ పక్కన కుషన్‌కు కొట్టుకొని వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆడాను. మళ్ళీ అంతే. మూడోసారికి ఆమె వచ్చి బంతిని చేత్తో ఆపి, పేకముక్కను నా చొక్కా జేబులో పెట్టి, "ఆయనకు పంపండి" అన్నది.

పంపుతున్నాను. నీ బంతి పడవలసినదే, నా బంతి పడవలసినది కాదు. నీకు పెట్టిన పేరును మాత్రం వెనక్కి తీసుకోలేను, ఎందుకంటే అది ఇప్పుడే నీకు నిజంగా తగింది. ఆ ముగ్గురికీ నేనే చెప్పాలంటావా, లేక నీవే ఈ ఉత్తరం చదివి వినిపిస్తావా? చదివితే భుజాలకెత్తుకున్న భాగం దగ్గర కొంచెం...

రైలు కూత వినిపిస్తున్నది, పక్కవాళ్ళు పెట్టెలు ఎత్తుకుంటున్నారు. సంచి గురించి రాస్తానన్నాను కదా. ఆ రాత్రి నీవు పందెంలో ఇచ్చిన సంచి ఇదే, ఐదు ఊళ్ళూ నా భుజాన తిరిగింది, పట్టీ కొత్తది వేయించాను, లోపలి మఖమలు కొంచెం చిరిగింది గాని తోలు ఇంకా బాగున్నది. న్యాయంగా అయితే ఇది నీ దగ్గర ఉండవలసినది, నాకు తెలుసు, అయితే పదకొండేళ్ళు మోసినవాడికి కూడా కొంత

బండి వచ్చేసింది.

నీ,
నీలివేళ్ళవాడు