చిన్నాకు, అలసిన కాంతి గురించి

కోవూరు,
ఆదివారం

చిన్నా,

ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మాత్రలు మాత్రం సగం మింగి సగం దిండు కింద దాస్తున్నారు. పెన్నలో నీళ్లు వచ్చాయి. ప్రత్యేకించి ఏ పనీ పెట్టుకుని రాయడం లేదు, ఊరికే నాలుగు కబుర్లు రాద్దామని కూర్చున్నాను.

మొన్న పెళ్లిలో కావలి అత్త కలిసింది. నువ్వు ఆఫీసుకు సరిగ్గా వెళ్లడం లేదనీ, రాత్రంతా లైటు వేసుకుని ఏదో రాస్తున్నావనీ, బిగ్ బ్యాంగ్ అబద్ధమని తేల్చేశావనీ, ఇక ఉద్యోగం కూడా మానేస్తావనీ భోజనాల బంతిలో అందరికీ వినపడేలా చెప్పింది. ఆవిడ మాటల్లో నేను నమ్మేది పావు వంతే. వంటలు బాగున్నాయి, పాయసంలోనే తీపి చాలలేదు. ఆ పావు వంతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

అక్కను అడిగితే నువ్వు పంపిన నలభై పేజీలూ చూపించింది. దూరపు గెలాక్సీల కాంతి ఎర్రబడేది విశ్వం విస్తరించడం వల్ల కాదు, దారిలో కాంతి అలసి శక్తి పోగొట్టుకోవడం వల్ల అన్నదే కదా నీ వాదం. దాన్ని ఏమీ అనకు, బలవంతపెట్టింది నేనే. ఫోనులో చదివితే కళ్లు పోతాయని మీ నాన్న ప్రింటు తీయించుకొచ్చారు. ఇన్నేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ఎర్ర పెన్ను లేకుండా చదవడం నాకు చేతకాదు. అక్షర దోషాలు దిద్దాను, వాటికి మార్కులు తగ్గించలేదులే.

మేడ మీద నీ గది కిటికీలో పావురాలు గూడు పెట్టాయి. రోజూ కడుక్కోలేక చస్తున్నాను. కడిగినప్పుడల్లా పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్తొస్తున్నారు. 1964లో న్యూజెర్సీలో వాళ్ల పెద్ద కొమ్ములాంటి ఆంటెన్నాను ఎటు తిప్పినా ఒకటే రొద. పావురాల రెట్ట వల్లనేమోనని శుభ్రం చేశారు, పావురాలను తరిమారు, అయినా పోలేదు. చివరికి అది ఆకాశమంతా పరుచుకున్న వేడి అని, బిగ్ బ్యాంగ్ నాటి మంట చల్లారగా మిగిలినదని తేలింది. పరమ శూన్యానికి మూడు డిగ్రీలు కూడా పైన లేని వేడి. 1989లో పంపిన కోబ్ ఉపగ్రహం కొలిస్తే, పాఠ్యపుస్తకంలో గీసే కృష్ణవస్తు వికిరణం గీతతో, అంటే కేవలం వేడిని బట్టి వెలువడే కిరణాల గీతతో, అచ్చంగా సరిపోయింది. నీ నలభై పేజీల్లో దాని ఊసే లేదు. విశ్వానికి పుట్టుక లేదంటే లేదను, నాకేం అభ్యంతరం? ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా.

రాత్రి ఏం తింటున్నావు? ఆ హోటలు అన్నంలో సోడా వేస్తారని నువ్వే చెప్పావు. కుక్కరు పంపితే అటక మీద పెట్టావట.

పొదిలి తాతయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. పోస్టాఫీసులో ఆయన బల్ల సొరుగు నిండా వాడేసిన ఫారాలు ఉండేవి, వాటి వెనుక అంతా ఆయన సిద్ధాంతమే. గురుత్వాకర్షణ అనేది లాగడం కాదట, తోయడమట. కంటికి కనపడని రేణువులు అన్ని దిక్కుల నుంచీ మనల్ని కొడుతుంటాయి, కింది నుంచి వచ్చేవాటిని భూమి కొంత అడ్డుకుంటుంది, అందుకని పై దెబ్బ ఎక్కువై మనం నేలకు అతుక్కుని ఉంటామట. మనియార్డరు తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మలకు కూడా ముందు ఇది వివరించి ఆ తర్వాతే డబ్బు లెక్కపెట్టేవారు. ఎండలో నిలబడలేక ఒకావిడ, "ఏదో ఒకటి తోస్తోందిలే నాయనా, నా డబ్బులు ఇటు తొయ్యి" అందని అమ్మమ్మ చెప్పి నవ్వేది. చివరికి ఆ కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఒంగోలు బస్సెక్కి, ఒక ఫిజిక్సు లెక్చరరు దగ్గరికి వెళ్లారు. నన్ను వెంట తీసుకెళ్లారు, అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆయన ఓపికగా అంతా చదివి, పద్దెనిమిదో శతాబ్దంలోనే జెనీవాలో లెసేజ్ అనే ఆయన ఇదే చెప్పాడని అన్నారు. ఎందుకు నిలబడలేదో కూడా చెప్పారు: కదిలే గ్రహానికి ఎదురుగా వచ్చే రేణువుల దెబ్బ ఎక్కువ, కాబట్టి అది క్రమంగా వేగం తగ్గి సూర్యుడి మీద పడాలి. పైగా అన్ని రేణువులు వచ్చి తగిలితే భూమి ఎప్పుడో కాలిపోవాలి. తాతయ్య ముఖం మాడుతుందని నేను భయపడ్డాను. ఆయన పొదిలి దాకా బస్సులో పక్కవాళ్లకు, జెనీవాలో ఒకాయనకూ తన బుర్రే ఉండేదని చెబుతూనే ఉన్నారు! మర్నాడు పది గంటలకు మళ్లీ పోస్టాఫీసులో ఉన్నారు. ఇది ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. ఉద్యోగం సంగతి నేను అడగడం లేదు.

నీ అలసిన కాంతిని కూడా 1929లోనే ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. ముందే ఎవరో చెప్పారని అది తప్పైపోదు. కానీ కాంతి దారిలో దేన్నో తాకి శక్తి పోగొట్టుకుంటే, దారి కూడా కాస్త తప్పాలి. దూరపు గెలాక్సీలు అలుక్కుపోయినట్టు కనబడాలి, కనబడటం లేదే! సూపర్నోవాల సాక్ష్యం ఇంకా గట్టిది. కాంతి అలల పొడవు రెట్టింపై వచ్చే చోట, ఒక రకం నక్షత్రం పేలి వెలిగి ఆరడానికి కూడా మనకు రెట్టింపు కాలం కనబడుతుంది. అలసిన కాంతి రంగు మారితే మారుతుంది, గడియారాన్ని ఎలా మారుస్తుంది? రామానుజన్ పేరు మాత్రం ఎత్తకు, పక్క వీధి శాస్త్రిగారబ్బాయి కూడా అదే చెబుతాడు.

ఉపన్యాసం ఇవ్వనని అక్కకు మాటిచ్చాను. అయినా మన ఖగోళ శాస్త్రవేత్త నార్లీకర్ గారి గురించి చెప్పాలి. జీవితమంతా బిగ్ బ్యాంగ్‌ను ఒప్పుకోలేదు. 1993లో హాయిల్, బర్బిడ్జ్‌లతో కలిసి వేరే నమూనా కట్టారు. అందులో ఆ ఆకాశపు వేడిని వివరించడానికి గెలాక్సీల మధ్య సన్నని ఇనుప నూగు ఉందని ప్రతిపాదించారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. కానీ ఎదుటివాళ్ల దగ్గరున్న అతి గట్టి సాక్ష్యాన్ని ఆయన దాటేయలేదు. పుణెలో అయుకా అనే ఖగోళ పరిశోధన సంస్థను నడుపుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఈ పని చేశారు. జీతం తీసుకుంటూనే.

ముప్పై రెండో పేజీలో నువ్వు రాసినది నాకు నచ్చింది. విశ్వం విస్తరించే వేగం ఒక పద్ధతిలో 67, ఇంకో పద్ధతిలో 73 వస్తోంది, పెద్దవాళ్లే తేల్చుకోలేకపోతున్నారని రాశావు. అది నిజం. అక్కడ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను. అయితే ఆ తేడా వల్ల అంతా కూలిపోయిందని తర్వాతి పేజీలో నువ్వు దూకేశావు, అక్కడ సున్నా.

బాబాయి శుక్రవారం బెంగళూరు వస్తున్నాడు. కారప్పొడి, గోంగూర పచ్చడి, మలై కాజా పంపుతున్నాను. కాజాలు గదిలో వాళ్లందరికీ పంచకుండా నువ్వూ రెండు తిను. పచ్చడి సీసా నిలువుగా పెట్టు. దిద్దిన కాగితాలు అడుగున ఉన్నాయి, నూనె అంటకుండా కవరులో చుట్టాను.

పదకొండో పేజీలో కాంతి శక్తి తగ్గుతుందన్నావు, ఆ తగ్గిన శక్తి ఎక్కడికి పోయిందో రాయలేదు. ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాటాక చెయ్యి, అప్పటికి మీ నాన్న పడుకుంటారు, ఉద్యోగం గురించి ఆయన అడగరు.

అమ్మ