వేట నిషేధం రోజుల్లో ప్రొపెల్లర్‌ని కూడా పట్టించుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ మరబోట్లన్నీ హార్బర్లలో కట్టేసి ఉంటాయి, ఆ టైంలో పేపర్లలో భృతి గురించీ డీజిల్ సబ్సిడీ గురించీ బాగానే రాస్తారు గానీ బోటుని నెట్టే ప్రొపెల్లర్ రెక్కలకి అతుక్కుని ఆ డీజిల్‌ని ఊరికే తగలేసే బార్నకిల్స్ అనే గుల్లల గురించి ఎక్కడా కనపడదు, అందుకే ఈ ఉత్తరం.

నేను బోటు ఇంజన్ల మెకానిక్‌ని, విశాఖలో పని. నిషేధం అయిపోయి బోట్లు బయటికెళ్ళగానే ఇంజన్ లాగట్లేదు, పొగ నల్లగా వస్తోంది అని ఫోన్లు మొదలవుతాయి. నాజిల్స్ విప్పుతారు, పంపు విప్పుతారు, బోలెడు డబ్బు పోస్తారు, తీరా చూస్తే ప్రొపెల్లర్ రెక్కల మీద బార్నకిల్స్ గరగరా పేరుకుని ఉంటాయి. రెక్క నున్నగా లేకపోతే అదే ఆర్‌పీఎంకి బోటు వేగం రాదు, సరంగు, అంటే బోటు నడిపేవాడు, ఇంకాస్త రైజ్ చేస్తాడు, లోడంతా ఇంజన్ మీదే పడుతుంది.

ఈ గుల్ల పిల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో కొట్టుకుంటూ తిరుగుతుంది, అతుక్కునే ముందు దశలో తిండి కూడా తినదు, చోటు వెతుక్కోవడమే దాని పని, దొరికిందా జిగురు వదిలి అంటుకుని ఇంక జీవితాంతం కదలదు. జోరుగా తిరిగే రెక్క మీద దానికి పట్టు దొరకదు, ఆగి ఉన్నదాని మీదే దొరుకుతుంది, అంటే మనం బోటు కట్టేసిన రెండు నెలలూ దానికి పండగే. పైగా పాత గుల్లలున్న చోటికే కొత్తవి వెతుక్కుంటూ వస్తాయి, కాబట్టి పైన గుల్ల ఊడగొట్టి కింద తెల్లటి బిళ్ళ వదిలేస్తే పని అయినట్టు కాదు, అది కూడా పోయేదాకా గీకి పాలిష్ పట్టాలి. ఉలీ సుత్తీ మాత్రం వద్దు, రెక్క అంచు దెబ్బతింటే బ్యాలెన్స్ పోయి ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు, అదే షాఫ్ట్, వణుకుతుంది, బేరింగులు పోతాయి.

చాలామంది ఓనర్లు నాతో వాదించేది ఏంటంటే కంచు ప్రొపెల్లర్‌లో రాగి ఉంది కదా, రాగికి గుల్ల పట్టదు కదా అని. సగం నిజం. రాగి కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతుంటేనే గుల్ల దగ్గరికి రాదు, మనం తుప్పు పట్టకుండా షాఫ్ట్‌కి జింక్ బిళ్ళ కడతాం, అది ప్రొపెల్లర్ బదులు తను కరుగుతూ రాగిని కరగనివ్వదు, దాంతో గుల్లకి అడ్డు పోతుంది. అలాగని జింక్ తీసేస్తే ప్రొపెల్లరే పోతుంది, రెక్క గులాబీ రంగుకి తిరిగి పెళుసుబారుతుంది. కాబట్టి జింక్ ఉండాల్సిందే, దాని మీద రంగు వెయ్యకూడదు, ప్రొపెల్లర్‌ని వేరేగా చూసుకోవాలి.

బోటు అడుక్కి వేసే రంగు రెక్కలకి పూస్తే నిలవదు, తిరిగే వేగానికి రేకుల్లా లేచిపోతుంది. రెక్కల కోసమే సిలికాన్ కోటింగులున్నాయి, వాటిలో విషం ఉండదు, నున్నగా ఉండి గుల్లని గట్టిగా పట్టుకోనివ్వవు, బోటు పరిగెడితే గుల్లలు చాలావరకు రాలిపోతాయి. కాకపోతే కింద లోహాన్ని శుభ్రంగా రుద్ది దాని ప్రైమర్ వేశాకే వెయ్యాలి, ఆ ఓపిక లేకపోతే డబ్బు దండగ. అది కొనలేనివాళ్ళు కనీసం బోటు మళ్ళీ వేటకి తీయబోయే ముందు పాలిష్ పట్టించుకున్నా చాలా తేడా తెలుస్తుంది.

అసలు మన దగ్గర వరసే తిరగబడింది. నిషేధం మొదలవగానే బోటుని నీళ్ళలోంచి ఒడ్డుకి లాగే ఏటవాలు దిమ్మ, అదే స్లిప్, ఎక్కించి గీకి రంగేసి మళ్ళీ నీళ్ళలో దించేస్తారు, తర్వాత నెలన్నర అది కదలకుండా ఉంటుంది, శుభ్రం చేసిన రెక్కల మీదే కొత్త గుల్ల పడుతుంది. ప్రొపెల్లర్ పని మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో చేసుకోవాలి. అప్పుడు అందరికీ స్లిప్ మీద చోటెక్కడ అంటారు, నిజమే, అందుకే పడవ అడుగు పని ముందే కానిచ్చి, చివరి వారాల్లో డైవర్లతో నీళ్ళలోనే రెక్కలు శుభ్రం చేయించే ఏర్పాటు ఉండాలి. ఇంజన్ ఆపి తాళం సరంగు చేతిలో పెట్టుకోకుండా మాత్రం ఎవర్నీ కిందకి దించకూడదు.

ఇంకో మాట. గుల్ల పోవాలని ఏ విషం రంగు దొరికితే అది తెచ్చి పూయొద్దు. ఒకప్పుడు ఓడలకి టీబీటీ అనే టిన్ను రంగు వేసేవాళ్ళు, గుల్లలతో పాటు ఫ్రాన్స్‌లో ఆల్చిప్పల సాగు కూడా దెబ్బతింది, 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి 2008 నుంచి ఓడలకి దాన్ని వాడకూడదన్నారు. గీకిన రంగు పొడి కూడా హార్బర్‌లోకి తోసెయ్యకుండా కింద టార్పాలిన్ పరిచి పోగుచెయ్యాలి, ఆ నీళ్ళ పక్కనే కదా మనం చేపలు దించేది.

విశాఖలో సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) కేంద్రం ఉంది, కాకినాడలో మత్స్య శిక్షణ సంస్థ ఉంది. మత్స్యశాఖ వాళ్ళు వచ్చే నిషేధంలో వాళ్ళతో కలిసి మే నెలలో హార్బర్ దగ్గరే ఒక పాత ప్రొపెల్లర్ పెట్టి పాలిష్, ప్రైమర్, కోటింగ్ ఎలా చెయ్యాలో మా మెకానిక్‌లకీ సరంగులకీ చేసి చూపించాలని, సిలికాన్ కోటింగ్‌కి చిన్న బోటు ఓనర్లకి కొంత సబ్సిడీ ఇవ్వాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్, విశాఖపట్నం