కబురు లేని రోజుల్లో

తెనాలి,
22-09-2024

చిరంజీవి రవికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, అమ్మ, పెద్దత్తయ్య క్షేమం. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి నేటికి పందొమ్మిది రోజులు. ఆరోగ్యం బాగానే ఉందనుకుంటున్నాను.

రాజ్యం పిన్ని కొడుకు 28న బయలుదేరుతున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, ఆవకాయ సీసా, కందిపొడి, అమ్మ కుట్టించిన రెండు దిండు గలీబులు ఇస్తున్నాను. పిట్స్‌బర్గ్‌లో చలి మొదలవుతుంది కనుక పోయిన ఏడు కొన్న ఆ పలచటి కోటుతోనే సరిపెట్టుకోకు. పెరట్లో కొబ్బరిచెట్టు మొవ్వు ఎండింది, తీసేయించాలి. మొన్నటి వానలకు వంటింటి గోడ చెమ్మ పట్టింది తప్ప మన ఇంటికి నష్టమేమీ లేదు.

ఆ వరద సంగతి నీకు తెలిసిందే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు కొల్లిపర, కొల్లూరు లంకల్లో జనం గేదెలను తోలుకొని కరకట్టల మీదికి చేరారు. నువ్వు ఆ మూడు రోజుల్లో అమ్మకు నాలుగుసార్లు ఫోను చేశావు, అందుకు మేమిద్దరం ఎంతో సంతోషించాము. కోడలు సుమ కూడా వరసగా ఫోన్లు చేసింది. ఆ ఆదివారం ఇక్కడికి రావాలని టిక్కెట్టు కొనుక్కున్న పిల్ల, కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోతే హైదరాబాదులో హాస్టలుకు తిరిగి వెళ్లిపోయింది. నీకు ఆ సంగతి తెలుసా అని అమ్మ అడిగినప్పుడు నువ్వు తెలియదన్నావు. నేను పక్కనే కూర్చుని విన్నాను. అప్పటి నుంచి నాకు ఆ మాటే మనసులో తిరుగుతోంది.

వరలక్ష్మీవ్రతానికి సుమ ఇక్కడే ఉంది. తోరాలు కట్టడం, వాయనాలు ఇవ్వడం అంతా అమ్మకంటే ముందే తెలిసినట్లు చేసింది. సాయంత్రం పేరంటాళ్లు వెళ్లాక ముందుగదిలో కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిదయింది, పదయింది. పదిన్నరకు ఫోను బల్ల మీద బోర్లించి, లేచి వెళ్లి పాలగిన్నె కడిగింది. అది అప్పటికే కడిగిన గిన్నె. ఏమ్మా, రవి పనిలో ఉన్నాడేమో అన్నాను. అవును మామయ్యా, ఈమధ్య పని ఎక్కువగా ఉంది అంది. నేను ఇంకేమీ అడగలేదు.

గుంటూరులో ఒక నిశ్చితార్థానికి వెళ్తే, మీ అబ్బాయి అన్నీ వదులుకొని వచ్చేస్తున్నాడటగా అని ఒకరు, కోడలు పిల్ల ఇంక ఎదురుచూడలేక కెనడాకు దారి చూసుకుంటోందటగా అని ఇంకొకరు అడిగారు. ఊళ్లో మాటలు పట్టించుకునే అలవాటు నాకు లేదు. అయితే ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లకు మీ గురించి ఏదో ఒకటి తెలిసి, మాకు ఏమీ తెలియకపోవడం మాత్రం కష్టంగా ఉంది. ఉద్యోగం వదిలి వచ్చేయాలని నిజంగా అనుకుంటే రా, ఈ ఇంటి తలుపు నీకెప్పుడూ తెరిచే ఉంటుంది. కాని ఆ నిర్ణయం మీ ఇద్దరూ కూర్చుని తీసుకున్నదై ఉండాలి.

ఏ తేదీ దాకా అందిన దరఖాస్తులకు వంతు వచ్చిందో అమెరికా వాళ్లు ప్రకటించే వీసా బులెటిన్ ప్రతి నెలా నేనూ చూస్తున్నానని నీకు తెలుసు. పాత డైరీలో ఒక పేజీకి గీతలు కొట్టి, ఎడమవైపు నెల, కుడివైపు మీ కేటగిరీ తేదీ రాసుకుంటాను. 2019 జూలై నుంచి ఆ కేటగిరీకి తేదీ అడ్డమే లేదు. మీ పెళ్లి 2023 ఫిబ్రవరిలో, మాఘమాసంలో జరిగింది. మార్చిలో నువ్వు దరఖాస్తు పంపావు. ఆ మార్చిలోనే వచ్చిన ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ ఒక్కసారిగా 2020 సెప్టెంబరు 8కి వెనక్కి వెళ్లింది. శాశ్వత నివాసుల భార్యలకు, భర్తలకు, చిన్న పిల్లలకు కలిపి ఏడాదికి దాదాపు 88 వేల వీసాలే కేటాయించారు. ప్రపంచమంతటి నుంచీ వచ్చినవాళ్లు ఆ వరసలోనే నిలబడాలి. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్ట్రేషను ఆఫీసులో దస్తావేజులకు వచ్చిన వరసలో నంబర్లు వేసినవాణ్ణి కనుక, ముందు అందిన కాగితానికి ముందు నంబరన్న పద్ధతిని నేను తప్పుపట్టను. తేదీ ఇప్పుడు ముందుకు జరుగుతోంది కాని, మీ నంబరుకు ఇంకా ఏడాదికి పైగా దూరంలో ఉంది. దరఖాస్తుకు ఆమోదం కూడా రాలేదు, మీ చేతిలో రసీదు మాత్రమే ఉంది. సందర్శకురాలిగానైనా వచ్చి నాలుగు వారాలు ఉండి పోదామని సుమ ప్రయత్నించి, వీసా దొరకక వెనక్కి వచ్చింది. అక్కడ స్థిరపడే ఉద్దేశం లేదని చూపవలసిన చోట, స్థిరపడతానని పెట్టిన దరఖాస్తు ఎదురుగా కనిపిస్తుంటే ఇంకేం చెప్పగలదు? ఆ పిల్ల మాట తడబడిందని నువ్వు అన్నావట. అది నీకు తగదు.

ఇక్కడ ఒక విషయం నేను రాసి తీరాలి. ఇన్నాళ్లూ ఫోనులో చెప్పలేకపోయాను. బామ్మ 2021 మేలో పోయింది. ఆ డిసెంబరులో నువ్వు వచ్చినప్పుడు, నీ గ్రీన్‌కార్డు ఎప్పుడైనా రావచ్చనీ, అది రాకముందే పెళ్లయితే సుమ నీ దరఖాస్తుతో పాటే వచ్చేస్తుందనీ, గుడిలో తాళి కట్టి రిజిస్టరు చేయించుకుంటామనీ మీ ఇద్దరూ ఇదే ముందుగదిలో నన్ను అడిగారు. ఏటిసూతకంలో శుభకార్యం కూడదన్నాను. సంవత్సరీకం అయ్యేదాకా ఆగమన్నాను. వెయ్యి పెళ్లిళ్లు రిజిస్టరు చేసిన చేతులతో మీ పెళ్లికి అడ్డం పడ్డాను. కార్డు 2022 మార్చిలో వచ్చింది, సంవత్సరీకం మేలో జరిగింది. రెండు నెలల తేడా. ఆ తరవాత నీకు సెలవు దొరకడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది. మీ ఇద్దరిలో ఒక్కరూ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసింది నన్ను. సుమను కాదు, నిన్ను నువ్వు కూడా కాదు.

నువ్వు ఎందుకు మాట్లాడటం మానేశావో నాకు తెలుసు అని రాస్తే తొందరపాటు అవుతుందేమో. కాని నేను ఒకప్పుడు ఎందుకు మానేశానో చెప్పగలను. కూనవరం సంగతి నువ్వు సగమే విన్నావు.

మా పెళ్లి నాటికి అమ్మ ఖమ్మం జిల్లా టీచరు, నేను గుంటూరు జిల్లా ఉద్యోగిని. జిల్లా కేడరు ఉద్యోగాలకు జిల్లా దాటి బదిలీ కావాలంటే హైదరాబాదు నుంచి ఉత్తర్వు రావాలి, సీనియారిటీ వదులుకోవాలి. 1985లో దరఖాస్తు పెట్టాము. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరంలో అమ్మ, తెనాలిలో నేను. రెండు రోజులకొక ఇన్‌లాండు ఉత్తరం రాసుకునేవాళ్లం. 1986 జూలై ఆఖరున మా ఫైలు మీద కొర్రీ వేసి వెనక్కి పంపారని తెలిసింది. జతచేయవలసిన హామీపత్రం ఒకటి లేదట. ఏడాది పాటు తిరిగిన ఫైలు మళ్లీ మొదటికి వచ్చింది. ఈ కబురు అమ్మకు ఎలా రాయాలో తోచలేదు. ఫైలు కదిలాక మంచి కబురుతోనే రాద్దాం అనుకున్నాను. ఒక రోజు గడిచింది, వారం గడిచింది, అలా ఇరవై రోజులయింది. మధ్యలో అమ్మ దగ్గర నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. చదివి దిండు కింద పెట్టుకున్నాను, ఒక్కదానికీ జవాబు రాయలేదు.

ఆగస్టు నడిమికి గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే ఆ నీరు ఎంతో నువ్వే ఊహించుకో. రేడియోలో ప్రాంతీయ వార్తలు వింటున్నప్పుడు కూనవరం పేరు వచ్చింది, ఆ తరవాత చదివింది నాకు వినపడలేదు. ఆ రాత్రే రైలెక్కి కొత్తగూడెం చేరాను. పాల్వంచలో తాతగారిని తీసుకొని బయలుదేరితే బూర్గంపాడు దగ్గర రోడ్డు నీళ్లలో ఉంది. అక్కడ రెండు రాత్రులు ఒక లారీ కింద పడుకున్నాము. నీరు తీశాక భద్రాచలం, అక్కడి నుంచి లాంచీ. దారి పొడవునా చెట్ల కొమ్మలకు గడ్డివాములు చుట్టుకొని ఉన్నాయి. తాతగారు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ మెరక మీద ఒక షెడ్డులో ఉంది. పద్నాలుగు మంది పిల్లల్ని ముందే పైకి చేర్చి, వాళ్లకు గంజి కాచి పోస్తోంది. షెడ్డు ముందు చాప పరిచి, నా ఉత్తరాలు ఒక్కొక్కటీ విప్పి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద గులకరాయి పెట్టి ఎండబెట్టింది. ట్రంకుపెట్టెలోకి నీళ్లు వెళ్లాయట. సిరా కరిగి కాగితమంతా నీలంగా అయిపోయింది, అక్షరం కనపడదు. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. తాతగారికి మంచినీళ్లిచ్చి, నా వైపు తిరిగి, ఇరవై రోజులు ఎందుకు రాయలేదు అని అడిగింది. చెప్పడానికి మంచి కబురు లేక అన్నాను. అప్పుడు అమ్మ అంది: “ఫైలు కబురు నాకెందుకండీ? అది వస్తే నాకూ ఆఫీసు నుంచే వస్తుంది. మీరు పొద్దున ఏం తిన్నారో ఆఫీసు వాళ్లు రాస్తారా? వరద వచ్చాక టపా ఆగిందంటే సరే. నాకు వరదకు ముందే ఆగిపోయింది.”

బదిలీ 1988లో వచ్చింది. ఆ మిగిలిన రెండేళ్లలో నేను ఒక్క విడత తప్పలేదు. మెస్సులో పప్పు పలచన, గాంధీచౌకు దగ్గర కొత్త చెప్పుల కొట్టు, పక్కగది మాష్టారి దగ్గు, ఇవే రాశాను. ఆ ఉత్తరాలన్నీ ఇప్పటికీ బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉన్నాయి.

నీకు పాఠం చెప్పాలని ఇది రాయలేదు, కాని రాస్తున్నకొద్దీ అలాగే అయిపోతోంది. అయినా ఇంకొన్ని చెప్పనివ్వు. జూలైలో నువ్వు ఇల్లు మారావు. సుమకు ఆ సంగతి పార్సెలు తిరిగి వచ్చాక తెలిసింది. అక్కడ శాశ్వత నివాసి ఇల్లు మారితే పది రోజుల్లో ఇమ్మిగ్రేషను శాఖకు తెలపాలి, పెండింగులో ఉన్న దరఖాస్తులోనూ చిరునామా మార్పించాలి. చేశావా? చేయకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చెయ్యి, ఆమోదపత్రం పాత ఇంటికి వెళ్తే మళ్లీ నెలలు పోతాయి. ఇక్కడికి వస్తే ఒక్క విడతలో ఆరు నెలలు దాటకుండా చూసుకో. అది దాటితే పౌరసత్వం దగ్గర నివాసం మీద ప్రశ్న వస్తుంది. 2027 మార్చికి నీకు అయిదేళ్లు నిండుతాయి, తొంభై రోజుల ముందే దరఖాస్తు పెట్టవచ్చు. పౌరుడి భార్యకు ఈ కోటా వరస ఉండదు. అంటే రెండు దారులు ఉన్నాయి, ఏది ముందు తెరుచుకున్నా ముంబయి ఇంటర్వ్యూకు కాగితాలు సిద్ధంగా ఉండాలి. సుమ పెళ్లి సర్టిఫికెట్టులో ఇంటిపేరు అక్షరాలు పాసుపోర్టుతో సరిచూశాను, ఒక్క తేడా లేదు. పోలీసు సర్టిఫికెట్టు ఇప్పుడే తీసుకోవద్దని చెప్పాను, గడువు దాటిపోతుంది. వాళ్లమ్మగారు చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చారట, పని కాగానే నూట ఎనిమిది మీ ఇద్దరూ చేయాలని మొక్కు.

సుమ దగ్గర నీలం రంగు ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి ఉంది. పెళ్లి ఫొటోలు, నీ విమానం టిక్కెట్లు, పోయిన డిసెంబరులో మీరు అరకు వెళ్లినప్పటి హోటలు బిల్లు, ఇద్దరి మాటల లెక్క నెలనెలా అచ్చు తీసి అందులో పెడుతోంది. కాపురం నిజమైనదని చూపడానికి అవి అడుగుతారట. జూన్‌కు ఏడు పేజీలు, జూలైకి మూడు, ఆగస్టుకు ఒకటి. ఆ ఒక్క పేజీ కూడా సగం ఖాళీ. నాకు చూపించాలని చూపించలేదు, కాగితాలు సర్దుతుంటే కనపడింది. కాగితం తక్కువైందని నా బాధ కాదు, రవీ.

సుమకు శుక్రవారం రాత్రి తొమ్మిదికి పని అయిపోతుంది. అప్పటికి నీకు పగలు పదకొండున్నర. నవంబరులో మీ గడియారాలు మార్చాక పదిన్నర అవుతుంది, అది గుర్తుంచుకో. బులెటిన్‌లో ఏముందో తనకూ తెలుసు, దాని గురించి ఏమీ చెప్పనక్కరలేదు. ఇవాళ కూరేం చేసుకున్నావో చెప్పు. మాడితే మాడిందని చెప్పు.

ఆవకాయ సీసా నిన్న వచ్చి సుమే కట్టింది. మూతకు రెండు పొరల ప్లాస్టిక్, దాని మీద అమ్మ పాత చీర గుడ్డ, చుట్టూ మైనం దారం బిగించి ముడులు వేసింది. పైన కాగితం మీద నీ పేరు, కొత్త చిరునామా తనే రాసింది. నూనె కారితే చొక్కాలు పాడవుతాయి కనుక సింకులో పెట్టి విప్పు.

ఆశీస్సులతో,
నాన్న