దూరదేశంలో క్రిస్మస్: పసివాళ్ల చేతికి ఒక పని

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఫీజు గడువు, బస్సు రూట్ల మార్పులు ఈసారి వెనక పేజీలో ఇచ్చాము. ఈ పేజీని ఒకే విషయానికి కేటాయించడానికి కారణం ఉంది. మన ప్రాథమిక విభాగంలో చదువుతూ, తల్లిదండ్రుల ఉద్యోగరీత్యా విద్యాసంవత్సరం మధ్యలోనే డల్లాస్‌కో, దుబాయ్‌కో, సిడ్నీకో తరలిపోయిన పిల్లల ఇళ్లకు కూడా ఈ వార్తాలేఖ ఈమెయిల్‌లో అందుతోంది. సంక్రాంతి లోపు విమానం ఎక్కబోతున్న కుటుంబాలు మరికొన్ని ఉన్నాయి. టీసీ కోసం ఆఫీసుకు వచ్చిన తల్లులలో పలువురు, సంతకాలు పూర్తయ్యాక లేవబోతూ అడిగిన ప్రశ్న ఇంచుమించు ఒకటే: అక్కడ మా చిన్నదానికి క్రిస్మస్ అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది మేడమ్?

ఇక్కడైతే ఎవరూ తెలియజెప్పనక్కర్లేదు. డిసెంబర్ వచ్చిందంటే మన విశాఖలోని జ్ఞానాపురం వీధుల్లో వరండాలకు నక్షత్రాలు వేలాడతాయి, సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి, క్యారల్స్ బృందం ఏ రాత్రివేళో గిటారు, డోలక్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిద్రపోతున్న పిల్లలను లేపేస్తుంది. పండగ బరువును ఊరే మోస్తుంది. పరదేశంలో ఆ బరువంతా ఇద్దరు పెద్దల మీద పడుతుంది. ఊరంతటినీ రెండు గదుల ఫ్లాట్‌లోకి తేవాలని వారు నెలరోజులు తాపత్రయపడి, 24వ తేదీ సాయంత్రానికి అలసిపోయి, పిల్లవాడి చేతికి ట్యాబ్ ఇచ్చి సోఫాలో కూర్చోబెట్టడం నాకు తెలిసిన ఇళ్లలోనే జరిగింది. చిన్న తరగతుల పిల్లలతో ఇన్నేళ్లుగా మెలుగుతున్న అనుభవంతో చెబుతున్నాను: నాలుగైదేళ్ల పిల్లకు కళ్లముందు ఎంత వేడుక జరిగినా, అందులో తన చేతికి ఒక పని లేకపోతే అది పెద్దవాళ్ల పండగే అవుతుంది. కనుక అన్నీ చేయాలని చూడకండి. ఒక్క పని ఎంచుకోండి. ఏటా ఆ పని ఆ పిల్లదే కానివ్వండి.

నన్నడిగితే నక్షత్రంతో మొదలుపెట్టమంటాను. పూర్ణా మార్కెట్‌లోనూ, జగదాంబ జంక్షన్ దుకాణాల్లోనూ దొరికే ఐదు కోణాల కాగితపు నక్షత్రం మడతపెడితే పలుచగా అయిపోతుంది కాబట్టి సూట్‌కేసు అడుగున బట్టల కింద చక్కగా ఇమిడిపోతుంది. దానితోపాటు ఇచ్చే వైరు, హోల్డరు, బల్బు మాత్రం ఇక్కడే వదిలేయండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. మన మామూలు బల్బు అక్కడ గుడ్డిగా వెలుగుతుంది. పైగా మనకు అలవాటైన బల్బు పిన్నులతో హోల్డరులో ఇరికేది, అక్కడిది మర తిప్పి బిగించేది. బ్రిటన్‌లో వోల్టేజీ మనలాగే ఉన్నా ప్లగ్గు వేరు. హోల్డరు వెళ్లిన చోటే కొనుక్కుని, చుట్టూ ఉన్నది కాగితమని గుర్తుంచుకుని, వేడి తక్కువగా ఉండే చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. మడతలు విప్పి అంచుల చిల్లుల్లోంచి దారం ఎక్కించడం ఐదేళ్ల వేళ్లకు సరిగ్గా సరిపోయే పని. ముడి బిగించడానికి పెద్దవాళ్లు సాయపడితే చాలు. లండన్‌లో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి, బడి నుంచి రాగానే స్విచ్ వేసే బాధ్యతను పిల్లకే అప్పగించవచ్చు. సిడ్నీలో అది నడివేసవి. రాత్రి ఎనిమిది దాకా వెలుతురు ఉంటుంది, వెలిగించే వేళకు పిల్లలు నిద్రలో ఉంటారు. అక్కడివారు తెల్ల కాగితపు నక్షత్రం తీసుకెళ్లి, రంగులు వేసే పని పిల్లలకు ఇవ్వడం మేలు.

నక్షత్రం ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఒకప్పుడు లెక్కలు చెప్పిన దాన్ని గనుక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. జర్మనీలో క్రిస్మస్ రోజుల్లో ఇళ్లకు, చర్చిలకు కట్టే హెర్న్‌హుట్ నక్షత్రం అనే బహుకోణాల కాగితపు నక్షత్రం, 1830ల ప్రాంతంలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ సంఘం అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ వారి బాలుర పాఠశాలలో జ్యామితి పాఠంగా మొదలైంది. చతురస్రాలు, త్రిభుజాలు అడుగుభాగంగా గల కాగితపు కూచులను ఒకదానికొకటి అతికిస్తే ఆ నక్షత్రం తయారవుతుంది. మన నాలుగో తరగతి గణితం ఉపాధ్యాయులు ఈ డిసెంబర్‌లో అదే పాఠాన్ని అట్టముక్కలతో చేయించబోతున్నారు. ఇంట్లో ఖాళీ చెప్పుల పెట్టెలు ఉంటే పంపగలరు.

వెళ్లిన దేశంలో పిల్లల కోసం ఉన్న ఆచారాన్ని కూడా కాదనకండి. జర్మనీలో డిసెంబర్ 5వ తేదీ రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడితే, సెయింట్ నికొలస్ పండగ అయిన 6వ తేదీ ఉదయానికి వాటిలో మిఠాయిలు, పండ్లు ఉంటాయి. ఈ సంగతి తెలియని మన పిల్లవాడు మర్నాడు కిండర్‌గార్టెన్‌లో అందరి కబుర్లూ వింటూ బిక్కమొహం వేసుకుని నిలబడకూడదు కదా! ఇంగ్లండ్‌లో చాలా ప్రాథమిక పాఠశాలలు చిన్నపిల్లలతో యేసు జనన ఘట్టాన్ని నాటకంగా వేయిస్తాయి. గొల్లల వేషం వేసే పిల్లల తలకు వంటింటి తువ్వాలు చుట్టడం అక్కడ పరిపాటి. మన తుండుగుడ్డ దానికి ఇంకా బాగుంటుంది, ఒకటి పెట్టెలో వేసుకోండి. అమెరికాలోని ప్రభుత్వ పాఠశాలలు ఏ మతాన్నీ ప్రోత్సహించకూడదన్న నియమం ఉన్నందువల్ల అక్కడి డిసెంబర్ కచేరీలలో మంచు పాటలు, గంటల పాటలే ఎక్కువగా వినిపిస్తాయి. దానికి నొచ్చుకోనక్కర్లేదు. పశువుల పాక కథ చెప్పే పని ఇంటిది, చర్చిది.

చర్చి సంగతికి వస్తే, ఇక్కడ అర్ధరాత్రి ఆరాధనకు మామ్మ ఒడిలో నిద్రపోతూ వెళ్లిన పిల్లను, గడ్డకట్టే చలిలో అక్కడ కూడా అదే వేళకు తీసుకెళ్లాలన్న పట్టుదల వద్దు. ఇంగ్లండ్‌లోని అనేక చర్చిలు 24వ తేదీ మధ్యాహ్నమో సాయంత్రమో పసిపిల్లల కోసమే చిన్న ఆరాధన జరుపుతాయి. పిల్లలే పశువుల పాకలో బొమ్మలు అమర్చే ఆ గంటసేపు, పెద్దల ఆరాధన కంటే వారికి ఎక్కువ అర్థమవుతుంది. అన్నట్టు, 25వ తేదీన లండన్‌లో రైళ్లు, బస్సులు నడవవు. కారు లేని కొత్త కుటుంబాలు తెలుగు ఆరాధన ఊరి రెండో చివరన ఉందని తెలిసి ఆ ఉదయం దిగాలు పడేకంటే, ఎవరి కారులో వెళ్లాలో ముందువారమే మాట్లాడుకోవడం మంచిది.

గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి పరిస్థితి వేరు. దుబాయ్‌లో డిసెంబర్ 25 ప్రభుత్వ సెలవుదినం కాదు. చర్చిలు ఉన్నాయి, తెలుగు సంఘాలూ ఉన్నాయి. కానీ ఆ రోజు తండ్రి డ్యూటీకి వెళ్లవలసి రావచ్చు. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు గనుక అక్కడి మనవాళ్ల సంఘ ఆరాధనలు ఎక్కువగా శుక్రవారమే జరుగుతాయి. ఇటువంటి చోట్ల, దగ్గరలోని సెలవురోజున కుటుంబమంతా కలిసి పండగ భోజనం చేస్తే తప్పులేదని నా అభిప్రాయం. సెమీ క్రిస్మస్‌ను నెలంతా జరుపుకొనే ఊరివాళ్లం, తేదీ ఒకటి రెండు రోజులు జరిగితే కంగారు పడతామా? పిల్లకు మాత్రం ముందే చెప్పండి. నాన్న లేకుండా కేక్ కోయరని తెలిస్తే పిల్లలు ఆశ్చర్యపోయేంత ఓపికగా ఎదురుచూస్తారు.

ఇక ఫోన్ పిలుపులు. చాలా ఇళ్లలో ఇవి 'తాతయ్యకు హాయ్ చెప్పు, పాట పాడు' అన్న దగ్గర మొదలై పిల్ల పక్కగదిలోకి పారిపోవడంతో ముగుస్తాయి. రెండు విషయాలు గమనించండి. మొదటిది వేళ. ఇక్కడ 24వ తేదీ అర్ధరాత్రి పన్నెండు కొట్టేసరికి దుబాయ్‌లో రాత్రి పదిన్నర, లండన్‌లో సాయంత్రం ఆరున్నర, డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర, సిడ్నీలో 25వ తేదీ తెల్లవారుజాము ఐదున్నర అవుతుంది. సిడ్నీ పిల్లలు ఆరున్నరకు నిద్రలేచి ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి ఒంటిగంట. మామూలు రోజుల్లో ఆ వేళ ఎవరూ ఎత్తరు గానీ, ఆ ఒక్క రాత్రి మామ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి, పట్టుచీర మార్చుకోకుండానే కాఫీ తాగుతూ ఉంటుంది. డల్లాస్ పిల్లలు 25వ తేదీ ఉదయం ఏడున్నరకు కానుకలు విప్పుతుంటే ఇక్కడ రాత్రి ఏడు గంటలు, ఇంటికి వచ్చిన చుట్టాలు ఇంకా వెళ్లి ఉండరు. రెండో విషయం, ఫోన్‌లో పిల్లకు ఉండవలసిన పని. పశువుల పాక బొమ్మల్లో బాలయేసును చివరివరకు దాచి, పండగ ఘడియలో తొట్టిలో పెట్టే ఆచారం చాలా కుటుంబాలలో ఉంది. అక్కడి పాకలో బాలయేసును మనవరాలు పెట్టే క్షణంలోనే ఇక్కడి పాకలో తాతయ్య పెడితే, ఇద్దరికీ మాటలు వెతుక్కునే అవసరం ఉండదు. ఎవరు ముందు పెట్టారన్న తగువుతోనే పది నిమిషాలు గడిచిపోతాయి.

ఇక్కడి నుంచి పార్శిల్ పంపే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఒక మాట. ఆస్ట్రేలియా కస్టమ్స్ వారు ఆహారపదార్థాల మీద, మొక్కల సంబంధమైన వస్తువుల మీద చాలా కట్టుదిట్టంగా ఉంటారు. పాక బొమ్మల చుట్టూ ఎండుగడ్డి పెట్టి పంపితే ఆ గడ్డి దేశంలోకి ప్రవేశించదు. పాత దినపత్రికల్లో చుట్టండి, గడ్డికి బదులు పసుపుపచ్చ ఉన్నిదారం ముక్కలు సరిపోతాయి. పిండివంటలు పంపేకంటే కజ్జికాయల అచ్చు పంపడం మంచిదని నేను అందరికీ చెబుతుంటాను. కొబ్బరి, బెల్లం, వేయించిన నువ్వుల పొడి కలిపిన పూర్ణాన్ని చెంచాతో అచ్చులో నింపి, రెండు రెక్కలూ మూసి, అంచుల బయటికి వచ్చిన పిండిని గోటితో తీసేయడం చిన్నపిల్లలకు ఎంతో ఇష్టమైన పని. తీసిన పిండి వారి నోట్లోకి వెళ్తుందనుకోండి. నూనె దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. చేసిన కజ్జికాయలను అక్కడి బడికి పంపేముందు టీచరును అడగండి. అమెరికాలో 2023 నుంచి ఆహార ప్యాకెట్ల మీద ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో నువ్వులు కూడా చేరాయి. వేరుశనగ, బాదం, జీడిపప్పు వంటివి ఉన్న తినుబండారాలను తరగతిలోకి రానివ్వని బడులు చాలా ఉన్నాయి.

క్రిస్మస్ తాత విషయంలో ఇళ్ల మధ్య తేడాలు ఉన్నాయని నాకు తెలుసు. మన సంఘాల్లోనే కొందరు చెట్టు పెట్టరు, తాతను ఒప్పుకోరు. అది వారి విశ్వాసం. నా మనవి ఒక్కటే: మీ ఇంట్లో మీరు నిజం చెప్పదలిస్తే, పక్క బెంచీ పిల్లకు దాన్ని చాటవద్దని కూడా చెప్పండి. క్రైస్తవేతర కుటుంబాలవారు కూడా నన్ను అడుగుతుంటారు, తరగతిలో అందరి ఇళ్లలో చెట్టు ఉంది, మాకు లేదేమని మా బాబు ఏడుస్తున్నాడని. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెట్టకపోతే ఎదురింటివారికి తన చేత్తో ఒక గ్రీటింగ్ కార్డు చేసి ఇచ్చి రమ్మనండి. దీపావళికి ఆ ఇంటి పిల్లలు మీ గుమ్మంలో దీపాలు పెట్టడానికి రావడానికి అదే దారి తెరుస్తుంది.

తండ్రులు విదేశాల్లో ఉండి, తల్లీపిల్లలు ఇక్కడే ఉన్న ఇళ్లు మన నగరంలో తక్కువేమీ కావు. ఓడల్లో పనిచేసేవారికి పండగ రోజున సముద్రం మధ్య సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. నౌక రేవులో ఉండగానే నాన్న గొంతులో ఒక కథో, బైబిల్ వాక్యమో రికార్డు చేయించుకుని, 24వ తేదీ రాత్రి పడుకునేముందు వినిపించండి. అలాగే మన హార్బర్‌లో లంగరు వేసిన ఓడల్లో, తమ పిల్లలకు దూరంగా పండగ గడిపే విదేశీ నావికులు ఉంటారు. ఈసారి రెండో తరగతి పిల్లలు వారికోసం కార్డులు తయారు చేస్తున్నారు. పిల్లల ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు వాటి మీద రాయించవద్దని తరగతి టీచర్లకు చెప్పాను, మీరు కూడా గమనించగలరు.

డిసెంబర్ మూడో శుక్రవారం ఉదయం ప్రార్థనా సమావేశంలో మన క్రిస్మస్ కార్యక్రమం ఉంటుంది. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు అందులో పాల్గొనాలని కోరిక. పాటే పాడనక్కర్లేదు, నక్షత్రానికి దారం ఎక్కిస్తున్నా, కజ్జికాయ అచ్చు మూస్తున్నా, బూట్లు తుడుస్తున్నా, ఆ పని చేస్తుండగా ఫోన్ అడ్డంగా పట్టుకుని రెండు నిమిషాలకు మించకుండా వీడియో తీసి, అంతకుముందు సోమవారం లోపు పాఠశాల ఈమెయిల్‌కు పంపండి. పిల్ల ఇక్కడ చదివిన తరగతి, సెక్షన్ తప్పక రాయండి. పాత సెక్షన్ స్నేహితులే వేదిక మీద నిలబడి ఆ వీడియోను పరిచయం చేస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, ప్రాథమిక విభాగం
విశాఖపట్నం