గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు సంఘ కార్యకలాపాల నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు. కడపలో మన రైఫిల్ షూటింగ్ సంఘం గడిచిన ఏడాదిలో చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాము. జమాఖర్చుల పట్టికను విడిగా జత చేశాము. సభ్యత్వ రుసుములు చాలావరకు వసూలయ్యాయి, బాకీ ఉన్నవారికి కోశాధికారి ఫోను చేస్తూనే ఉన్నారు. ఎయిర్ రైఫిల్ శిక్షణ ఎప్పటిలాగే సాగింది. ఇక చెప్పుకోవలసిందల్లా అధ్యయన సమావేశాల గురించే. అవన్నీ ఈ ఏడాది ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి.

ఆ ప్రశ్న తెచ్చినది అమెరికాలో కూతురి ఇంట ఆరు నెలలుండి వచ్చిన మన సభ్యుడొకరు. అక్కడ అల్లుడిగారి పొరుగాయన షెడ్డులో కూర్చుని, తన రైఫిలుకు తూటాలు తానే కట్టుకోవడం ఆయన చూశారు. అంత శ్రద్ధగా కట్టిన తూటాల్లో కొన్ని, రైఫిలుకు తూటాలు అందించే డబ్బా అయిన మ్యాగజీన్‌లోకి దిగకపోతే ఆ పెద్దమనిషి తల పట్టుకున్నాడట. "గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) సరిపోయాయి, వ్యాసం సరిపోయింది, మరి తూటా ఎందుకు పట్టలేదు?" అని మన సభ్యుడు సమావేశంలో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాలుగు సమావేశాలు పట్టాయి.

చర్చ మొదలుపెట్టే ముందు చట్టం సంగతి చెప్పుకున్నాము. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం మన దేశంలో నేరం. తూటా విడిభాగాలు కూడా ఆ చట్టం దృష్టిలో తూటాలే. అందువల్ల మన చర్చ తెలుసుకోవడానికే పరిమితమైంది. బల్ల మీద పెట్టినవన్నీ లేతు మిషను పని తెలిసిన సభ్యుడు చెక్కతో తీసి ఇచ్చిన నమూనాలు, రేకుతో చేయించిన ఒక ఉత్తుత్తి మ్యాగజీన్ డబ్బా మాత్రమే.

మాటల దగ్గరే మొదటి తగాదా వచ్చింది. మనవాళ్ళు దేన్నైనా తూటా అనేస్తారు. కాబట్టి ఇత్తడి తొడుగు, తుపాకీ మందు, మొనలోని లోహం అన్నీ కలిసినదాన్ని తూటా అనీ, గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే లోహపు ముక్కను మాత్రమే బుల్లెట్ అనీ తీర్మానించుకున్నాము.

బుల్లెట్ల డబ్బా మీద రాసిన బరువు వాటి పొడవు చెప్పదన్నదే అసలు విషయం. ఒకే బరువున్న రెండు బుల్లెట్లలో ఒకటి మొద్దుగా, పొట్టిగా ఉండవచ్చు. మరొకటి గాలిని చీల్చుకుపోయేందుకు సూదిమొనతో, వెనుకవైపు పడవ తోకలా సన్నబడి చాలా పొడుగ్గా ఉండవచ్చు. లోహం మారినా పొడవు మారుతుంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే రాగిది 9 గ్రాములకు కాస్త తక్కువ కనుక, పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అంతే బరువున్న సీసపు గుండె బుల్లెట్ కంటే పొడవవుతుంది. మ్యాగజీన్ కొలతేమో మారదు. .308 విన్‌చెస్టర్ రకం తూటా మొత్తం పొడవుకు సాధారణంగా పాటించే హద్దు 2.800 అంగుళాలు, అంటే 71.12 మిల్లీమీటర్లు; .30-06కు 3.340, .223 రెమింగ్టన్‌కు 2.260 అంగుళాలు. అమెరికాలో సైనిక నమూనా రైఫిళ్ళతో జరిగే సర్వీస్ రైఫిల్ పోటీల్లో 77 గ్రెయిన్ల .223 బుల్లెట్‌తో కట్టిన తూటాలు మ్యాగజీన్‌లో పడతాయి. 600 గజాల దూరానికి వాడే 80 గ్రెయిన్లవి పట్టవు గనుక వాటిని ఒక్కొక్కటిగా చేత్తో ఛాంబర్లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోట) పెట్టి కాలుస్తారు.

పట్టకపోతే బుల్లెట్‌ను తొడుగులోకి ఇంకాస్త లోతుగా నొక్కితే సరిపోదా అని ఒక యువ సభ్యుడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. లోతుగా దిగిన బుల్లెట్ మందుకు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. అదే మందు ఇరుకు చోట మండితే ఒత్తిడి పెరుగుతుంది. పైగా బుల్లెట్ భుజం, అంటే మొన వైపు సన్నబడడం మొదలయ్యే చోటు, బ్యారెల్ లోపలి మెలి గాడుల నుంచి దూరంగా జరిగినప్పుడు కొన్ని బుల్లెట్లు గురి తప్పుతాయి. అలాగని గాడులకు ఆనించి కట్టినా ఒత్తిడి పెరిగేదే. ఏప్రిల్, మే నెలల్లో మన కడప ఎండలో కారులో వదిలేసిన తూటాకు ఇవేవీ లేకుండానే ఒత్తిడి పెరుగుతుందని ఇక్కడ గుర్తు చేయడం అప్రస్తుతం కాదనుకుంటాను.

ఈ చిక్కుకు తూటా రూపకర్తలు వెతికిన దారి నాకు బాగా నచ్చింది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తొడుగు పొడవు 1.920 అంగుళాలు, అదే వ్యాసపు బుల్లెట్ వాడే .260 రెమింగ్టన్ తొడుగు 2.035 అంగుళాలు. తొడుగును పొట్టి చేసి, మిగిలిన చోటును పొడుగు బుల్లెట్‌కు ఇచ్చారు. ఇల్లు మార్చకుండా గోడ జరిపినట్టు.

మూడో సమావేశంలో మనమే ఆ పొరుగాయన స్థితికి వచ్చాము. రేకు డబ్బా లోపలి పొడవు 2.830 అంగుళాలు. 2.800 నమూనాలు జారుతూ దిగాయి కానీ, ఒకటి మాత్రం మొన ముందు గోడకు తగిలి ఏటవాలుగా ఇరుక్కుపోయింది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 2.845 వచ్చింది. లేతు మిషను సభ్యుడు నొచ్చుకున్నా, ఆ పొరపాటు నేర్పినంత మిగతా నమూనాలు నేర్పలేదు. గురి కోసం బుల్లెట్ భుజం దాకా కొలుస్తారు, మ్యాగజీన్ కోసం మొన చివరిదాకా కొలవాలి. బుల్లెట్ కొనబోయేవాడు మొదట కొలవవలసింది మ్యాగజీన్‌నే.

నమూనాలు కార్యాలయం బీరువాలో ఉన్నాయి. తీసుకెళ్ళేవారు రిజిస్టరులో సంతకం చేయాలి. 2.845 ముక్కకు ఎర్ర రంగు పూశాము. దయచేసి దాన్ని ఎవరూ సాన పట్టి సరిచేయవద్దు.

ఇట్లు,
కార్యదర్శి