అంతరిక్ష వాతావరణ సూచన గాదంకి నుంచి రావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 మే నెలలో సూర్యుడి నుంచి ఎగసిన కణాలు భూమిని తాకిన సౌర తుపాను సమయంలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడ్డ ఫొటోలు అందరం చూశాం. అదే తుపానుకు అమెరికాలో మొక్కజొన్న విత్తుతున్న రైతుల జీపీఎస్ ట్రాక్టర్లు గురి తప్పి పని ఆగిపోయింది. నాకు ఆ రెండో వార్తే పెద్దదనిపిస్తుంది.

పైగా మన చిక్కు వేరు. భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీతను అయస్కాంత భూమధ్యరేఖ అంటారు. అది మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో తొలి రాకెట్‌ను కేరళలోని తుంబా నుంచి ఎగరేసింది అందుకే. ఈ ప్రాంతంలో పొద్దుగూకాక అయనోవరణంలో, అంటే విద్యుదావేశ కణాలుండే పైవాతావరణ పొరలో, ప్లాస్మా బుడగలు (ఆ కణాలు బాగా పలచబడ్డ చోట్లు) లేస్తాయి. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో మరీ ఎక్కువ. వాటి గుండా వచ్చే ఉపగ్రహ సంకేతం మిణుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది. సౌర తుపాను లేని రాత్రుల్లోనూ ఇది మామూలే. తుపాను వచ్చినప్పుడు బుడగలు పెరగనూవచ్చు, అణగిపోనూవచ్చు. కాబట్టి అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న అంతరిక్ష వాతావరణ కేంద్రం ఇచ్చే హెచ్చరిక ఒక్కటే మనకు చాలదు.

తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్‌తో ఈ బుడగల్ని ఏళ్ల తరబడి గమనిస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ని చూస్తోంది. ఇంత చూస్తున్నా, దినపత్రికలోని వాతావరణ వార్తల పక్కన ఈ అంతరిక్ష వాతావరణం గురించి ఒక్క వాక్యం కనబడదు.

నా విన్నపం ఇది. ఆ రాత్రి బుడగలు లేచే అవకాశం తక్కువా, ఎక్కువా అన్నది గాదంకి శాస్త్రవేత్తలు రోజూ మధ్యాహ్నానికల్లా ప్రకటించాలి. ఏ రాత్రి లేస్తాయో కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ కష్టమే. అయినా అవకాశం ఎంతో చెప్పడం మేలు. మత్స్యకారులకు చేపల జాడ, అలల హెచ్చరికలు అందిస్తున్న హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దాన్ని తెలుగులో పడవలకు చేర్చాలి. ఇన్‌కాయిస్ 2019లో పడవల కోసం తెచ్చిన జెమిని పరికరం సమాచారం అందుకునేది, జీపీఎస్‌ను సరిదిద్దే మన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారానే. ఆ సంకేతాలూ ఈ బుడగల్ని దాటుకునే రావాలి. నడిసముద్రంలో సంకేతం పోతే అది పరికరం లోపమో, ఆకాశంలోని అలజడో పడవలో ఉన్నవాళ్లకు తెలియాలి కదా!

సూర్యుడి ఉధృతి తగ్గుముఖం పట్టింది కదా అని దీన్ని వాయిదా వేయకూడదు. 2003 అక్టోబరు నాటి భారీ తుపానులు అలా తగ్గుతున్న కాలంలోనే వచ్చాయి. అంతరిక్ష శాఖ ఈ పనికి ప్రత్యేకంగా సిబ్బందిని కేటాయించి, వచ్చే మార్చిలోగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లోనైనా ఈ సూచన మొదలుపెట్టాలి.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి